వేలికి దొరకని అతుకు

పెద్దమ్మ పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను కుందేళ్ళకి మేత వేస్తున్నా. "పొద్దున్నే టీ ఇద్దామని వెళ్తే లేవలేదే. నిద్రలోనే పోయింది మహాతల్లి" అని అమ్మ ఏడుస్తోంది. ఫోన్ పెట్టేశాక నాకు ముందు ఏడుపు రాలేదండి. నా నోట్లోంచి ముందొచ్చిన మాట, "హమ్మయ్య, చెప్పేశాను."

ఏడుపు తర్వాత వచ్చింది. బాగానే వచ్చింది. బస్సులో పక్క సీటావిడ తన మంచినీళ్ళ సీసా మొత్తం నాకే తాగించేసింది. కానీ ఆ మొదటి మాటని దాచుకోవాలని నాకు లేదు. రెండు నెలలు ఆలస్యం చేసుంటే జన్మంతా మోసేదాన్ని. చేయలేదు. చెప్పేశాను.

చెప్పినవి రెండు సంగతులు. ఒకటి కుందేలు చెవి గురించి. రెండోది తొమ్మిదేళ్ళప్పుడు నేనాడిన అబద్ధం గురించి. రెండూ ఒకే ఆదివారం, పెద్దమ్మ వాళ్ళ అరుగు మీద, ఒకదాని వెనకే ఒకటి చెప్పా. కుందేలు సంగతి ఎవరికి చెప్పినా నాకు ఆపుకోలేనంత సంబరం, మీకూ చెప్తా. కాకపోతే పెద్దమ్మ ఎవరో తెలియకపోతే ఆ రెండూ ఎందుకు కలిశాయో మీకు అర్థం కాదు.

పెద్దమ్మ మాకు చుట్టమేం కాదు. మంగళగిరిలో మా మగ్గాల వీధిలో ఎదురిల్లు ఆవిడది. మా నాన్నకీ పెద్దమ్మే, నాకూ పెద్దమ్మే, కూరగాయల బండాయనకీ పెద్దమ్మే. పిల్లల్లేరు, మొగుడు ఎప్పుడో పోయాడు. ఆవిడ పని అచ్చు అతకడం. అంటే, మగ్గం మీద ఒక బారు నేయడం అయిపోయాక పాత పోగుల కొసలు కొంచెం మిగిల్చి ఉంచుతారు. కొత్త పడుగు తెచ్చి, దాంట్లో ప్రతి పోగునీ పాత పోగు కొసకి ఒక్కొక్కటిగా కలపాలి. వేల పోగులు. ముడి వేస్తే కుదరదు, ముడి దువ్వెనలాంటి అచ్చు పళ్ళల్లో ఇరుక్కుని తెగుద్ది. రెండు కొసలూ పక్కపక్కన పెట్టి, వేళ్ళకి కచ్చిక బూడిద అద్దుకుని, బొటనవేలితో ఒక్క పురి పెట్టాలి. అంతే, రెండూ ఒకటైపోవాలి. వీధిలో అతికేవాళ్ళు ఇంకా ఉన్నారు గానీ, పట్టు పడుగు వస్తే మాత్రం అందరూ పెద్దమ్మ ఖాళీ అయ్యేదాకా ఆగేవాళ్ళు.

పని అయ్యాక ఆవిడకో అలవాటు. కళ్ళు మూసుకుని, అతికిన వరస మీద ఈ చివర్నించి ఆ చివరికి బొటనవేలు నడిపించేది. ఎక్కడన్నా వేలు ఆగితే "దొరికింది" అనేది, అది విప్పి మళ్ళీ అతికేది. ఆగకపోతే ఏమీ అనేది కాదు. లేచి వెళ్ళిపోయేది.

"కళ్ళు తెరిచి చూసుకోవచ్చు గదా పెద్దమ్మా?" అనడిగా ఒకసారి.

"కంటికి నచ్చజెప్పుకోవచ్చే. వేలు మన మాట వినదు" అంది.

మగ్గం ముందు కూర్చుంటే పోగులతో మాట్లాడుతూనే ఉండేది. తెగిన పోగుని "ఏరా, తాగొచ్చావా?" అని తిట్టేది. టీ ఇస్తే పక్కన పెట్టించుకుని సగం బారు అతికేదాకా ముట్టుకునేది కాదు, అప్పటికది చల్లారి మీగడ కట్టేది. వేడి చేసిస్తానంటే, "వద్దులేవే, వేడి టీ తాగితే నాకు జలుబు చేస్తది" అనేది. ఇట్లాంటి వైద్యం ఆవిడ దగ్గర చాలా ఉంది.

ఆ బూడిద వేళ్ళతో ఏది ముట్టుకుంటే దాని మీద ముద్ర. టీ గ్లాసు మీద, మా తలుపు గడియ మీద, నా బుగ్గల మీద. మా ఇంట్లో డిగ్రీ అనే కాగితాన్ని ముట్టుకున్న మొదటి మనిషిని నేనైతే, రెండో మనిషి పెద్దమ్మ. పని మధ్యలో లేచొచ్చి, "ఇందులో నీ పేరెక్కడే?" అని అడిగి, నేను చూపించిన చోట బొటనవేలు పెట్టి నొక్కి చూసింది. ఇప్పటికీ నా పేరు పక్కన బూడిదరంగు మచ్చ. అమ్మ రబ్బరు పెట్టి తుడవబోతే, "ఉండనీవే, నా సంతకం కూడా ఉంటే నీ కూతురి చదువేమన్నా తగ్గుద్దా?" అని ఎదురు కేకలేసింది. ఎమ్మెస్సీ జువాలజీ అంటే ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ లెక్కలో డాక్టరే. వీధిలో నేను కనపడితే చాలు, "మా డాట్రుగారొచ్చింది" అని అరిచేది. ఒకసారి ఎవరో ముసలాయన నిజమేననుకుని నా ముందు నాలుక చాపాడు.

ఇంకొక అలవాటుంది. దాన్ని చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టా.

అతకడానికి కూర్చుంటే పెద్దమ్మ కుడికాలు మడిచి కింద పెట్టుకునేది. గంటల తరబడి అట్లాగే. లేచేసరికి ఆ కాలు తిమ్మిరెక్కి కొయ్యలా అయ్యేది. లేచి నిలబడి, ఒక మూలుగు మూలిగి, ఆ కాలి తొడ మీద రెండు దెబ్బలు వేసేది. చఠ్, చఠ్. ఉత్త దెబ్బలు కాదు. "పాపిష్టి కాలా, పసిదాన్ని కాల్చావు గదే" అని తిట్టి మరీ వేసేది. స్పర్శ వచ్చేదాకా అడుగు తీసి అడుగు వేసేది కాదు. మా ఇంట్లో కూర్చుంటే చుట్టుపక్కల ఏదో ఒక ఇంట్లోంచి రోజూ వినపడేది. మూలుగు, తర్వాత చఠ్, చఠ్. ఎక్కాలు చదువుతుంటే వినపడేది, ఇంటర్ పరీక్షలకి కూర్చుంటే వినపడేది.

ఆ పసిదాన్ని నేనే. ఆ కాలు మాత్రం నన్ను కాల్చలేదు.

తొమ్మిదేళ్ళప్పటి మాట. మా పెరట్లో మూడు ఇటుకల పొయ్యి మీద పడుగుకి పెట్టే గంజి ఉడుకుతోంది. ముందురోజే అమ్మ, "గంజి కుండ దగ్గరికి వెళ్ళావంటే వీపు చిట్లుద్ది" అని చెప్పింది. వెళ్ళా. పొయ్యి మీదనించి దించి వీధిలోకి మోసుకెళ్తే అందరూ అబ్బో అంటారని, రెండు గుడ్డపీలికలు పట్టుకుని ఎత్తబోయా. సరిగ్గా అప్పుడే పెద్దమ్మ మా మగ్గం మీద అతుకు ముగించి, కుంటుకుంటూ పెరట్లోకి వస్తోంది కాళ్ళు కడుక్కోవడానికి. నా వెనకనించి పోతోంది. కుండ ఒరిగింది. గంజి నీళ్ళలాగా జారిపోదండి, అంటుకుంటుంది. ఎడమచేయి, మోచేతి నించి మణికట్టు దాకా.

అమ్మ పరిగెత్తుకొచ్చింది. ఆ మొహం చూసేసరికి నాకు కాలిన చెయ్యి కంటే చిట్లబోయే వీపు ముందు గుర్తొచ్చింది. "పెద్దమ్మ కాలు తగిలింది" అన్నా.

అమ్మ పెద్దమ్మ మీద పడింది. "కళ్ళు లేవా నీకు? గొడ్డు నడిచినట్టు నడుస్తావా?" అని అరుస్తుంటే పెద్దమ్మ తన కుడికాలి వంక చూసుకుంటూ నిలబడింది. తిమ్మిరి ఇంకా వదల్లేదు, అది వదిలేదాకా ఆగడం అలవాటైంది ఆ తర్వాతే. "తెలీలేదమ్మా" అంది. "కాల్లో స్పర్శ లేదు... తగిలిందేమో. తగిలే ఉంటది."

నా అబద్ధాన్ని ఆవిడ నమ్మింది. తన కాలు తనకి తెలియకపోవడం వల్ల నమ్మింది. చుట్టుపక్కల ఇంకెవరైనా "నా కాలు తగల్లేదు" అని పోట్లాడేవాళ్ళు. అచ్చు అతికే మనిషి కాబట్టి పోట్లాడలేకపోయింది.

ఏడాదిపాటు అమ్మ ఆవిడతో మాట్లాడలేదు. నన్ను ఆసుపత్రిలో ఉంచినన్ని రోజులూ పెద్దమ్మ వార్డు బయట బెంచీ మీద కూర్చునేది, లోపలికి రావడానికి మొహం చెల్లక. తర్వాత్తర్వాత మాటలు కలిశాయి. కానీ మచ్చ మిగిలింది. తోలు ముడుచుకుపోయి, ఎగుడుదిగుడుగా, మెరుస్తూ. మణికట్టు పూర్తిగా వంగదు. ఎండాకాలంలో దురద. డిగ్రీలో మూడేళ్ళూ ఫుల్ చేతుల జాకెట్లే, ఫుల్ చేతుల డ్రెస్సులే. పెద్దమ్మ నెలకోసారి నన్ను పిలిచి, చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మోచేతి నించి మణికట్టు దాకా బొటనవేలు నడిపించేది. ఆముదం రాశాక ఒకసారి, వెన్న రాశాక ఒకసారి, ఎవరో చెప్పిన ఆకు పసరు పోశాక ఒకసారి. ప్రతిసారీ ఒకటే మాట.

"దొరుకుతోందే ఇంకా."

మరి నిజం ఎందుకు చెప్పలేదంటారా? తొమ్మిదేళ్ళకి అమ్మంటే భయం. పన్నెండేళ్ళకి, ఇన్నాళ్ళు చెప్పలేదని తిడతారని భయం. పద్దెనిమిదికి సిగ్గు. ఇరవై దాటాక, ఇప్పుడు చెప్పి ఏం లాభం అని ఒక పెద్దమనిషి తరహా కారణం. ఆ చఠ్ వినపడ్డప్పుడల్లా చెప్పేద్దామనుకునేదాన్ని. తర్వాత అన్నం తినేదాన్ని, నిద్రపోయేదాన్ని.

ఇక కుందేలు సంగతి.

ఎమ్మెస్సీ అయ్యాక విజయవాడలో ఒక కాలేజీ ల్యాబ్‌లో ప్రాజెక్టులో చేరా. బెంజ్ సర్కిల్ దగ్గర లేడీస్ హాస్టల్, పొద్దున్నే బస్సు, సాయంత్రం దాకా కుందేళ్ళు. చేరిన కొత్తల్లో మా సార్ ఒక కుందేలుకి మత్తిచ్చి, చెవి మధ్యలో కందిపప్పు బద్దంత గుండ్రటి కన్నం పెట్టారు. ఇటునించి అటు కనపడే కన్నం. అదే కుందేలు వీపు మీద అంతే ముక్క తోలు తీశారు. "రెండూ వారం వారం కొలిచి రాయమ్మా" అన్నారు. నేను మనసులో, ఇందులో రాయడానికేముంది, చెవికి కన్నం పెడితే కన్నమే కదా ఉండేది అనుకున్నా. మా వీధిలో ఏ ముసలమ్మని చూసినా బరువు కమ్మలకి సాగిన చెవి కన్నాలే. అవెప్పుడన్నా పూడాయా?

మొదటి వారాల్లో ఏం లేదు. తర్వాత కన్నం అంచు చుట్టూ చిన్న గట్టులా లేచింది. ఆ గట్టు లోపలికి జరగడం మొదలెట్టింది. నా స్కేలు తప్పేమోనని రెండుసార్లు కొలిచేదాన్ని. రెండు నెలలు దాటాక ఒక సోమవారం బోను తెరిచి కుందేలుని ఒళ్ళో పెట్టుకుని చూస్తే కన్నం లేదు! కుడిచెవి అనుకున్నది ఎడమచెవేమోనని రెండోది చూశా. దాంట్లోనూ లేదు. బోను మీద నంబరు చూశా. అదే కుందేలు. వీపు చూస్తే వీపు మీద మచ్చ ఉంది, నా చేతి మీదున్నట్టే, బిగుసుకుపోయి, వెంట్రుక లేకుండా. చెవి మీద మాత్రం చర్మం, లోపల మెత్తటి ఎముక, పైన సన్నటి వెంట్రుకలు కూడా వస్తున్నాయి!

"సార్! పూడిపోయింది సార్!" అని కారిడార్లో అరుచుకుంటూ పరిగెత్తా. సార్ టిఫిన్ బాక్సు మూత పెట్టి నవ్వారు. "పూడుద్దమ్మా. కుందేలు చెవికి ఆ గుణం ఉందని మన ముందు తరాలవాళ్ళకే తెలుసు. పుస్తకాల్లో ఉన్నదే. నువ్వు చదివే ఉంటావు."

చదివానేమో. చదవడం వేరు, ఒళ్ళో పెట్టుకోవడం వేరు.

ఆ రోజు సార్ నాకు మైక్రోస్కోపులో రెండు గాజు పలకలు చూపించారు. ఒకటి మామూలు చర్మం, ఒకటి మచ్చ. మామూలు చర్మంలో పోగులు అటూ ఇటూ అల్లుకుని ఉన్నాయి. మచ్చలో పోగులన్నీ ఒకే దిక్కున, బారులు తీర్చి, ఒకదాని పక్కన ఒకటి పడి ఉన్నాయి. నేను కళ్ళు ఎత్తకుండానే, "సార్, ఇది పేక పడని పడుగు సార్" అన్నా. సార్‌కి అర్థం కాలేదు. మా వీధిలో చిన్నపిల్లలకి కూడా అర్థమవుద్ది. నిలువు పోగులు పడుగు, అడ్డం పోగులు పేక. రెండూ పడితేనే గుడ్డ.

గాయమైతే ఒళ్ళు తొందరపడుతుంది. నెత్తురు పోకూడదు, పురుగు చేరకూడదు. అందుకని చేతికి దొరికిన దారంతో గబగబా ఒక మాసిక వేసేస్తుంది. ప్రాణం నిలబడుతుంది, మచ్చ మిగులుతుంది. గుండెపోటు వచ్చి బతికినవాళ్ళ గుండె మీద పడేదీ ఈ మాసికే, అందుకే ఆ ముక్క మళ్ళీ కొట్టుకోదు. కుందేలు చెవిలో మాత్రం ఒళ్ళు మాసిక వేయదు. అంచు దగ్గర కణాలు పోగై, మొదటినించి మళ్ళీ నేసుకొస్తాయి. ఆఫ్రికాలో ఒక ముళ్ళ ఎలుక ఉందట, పిల్లి పట్టుకుంటే తోలు వదిలేసి పారిపోతుంది, తర్వాత ఆ తోలు వెంట్రుకలతో సహా మళ్ళీ వస్తుంది. అంతెందుకు, మనిషి కూడా తల్లికడుపులో ఉన్న మొదటి నెలల్లో గాయమైతే మచ్చ లేకుండానే మానుతుందట. అంటే మనకీ ఆ నేత వచ్చు! ఎక్కడో మర్చిపోయాం. ఆ మర్చిపోయింది ఏంటో దొరికితే, కాలినవాళ్ళకి, గుండె దెబ్బతిన్నవాళ్ళకి... ఇదీ నా సంబరం. హాస్టల్లో నా రూమ్మేట్ మూడు రోజులు భరించి, నాలుగో రోజు చెవుల్లో దూది పెట్టుకుంది.

ఆ ఆదివారం బస్సెక్కి మంగళగిరి వెళ్ళిపోయా. కృష్ణ వారధి దాటుతుంటే కూడా ఫోన్లో కుందేలు చెవి ఫొటోనే చూసుకుంటున్నా. ఇంట్లో బ్యాగు పడేసి ఎదురింటికి పరిగెత్తా. పెద్దమ్మ అప్పుడే భోజనం చేసి అరుగు మీద కూర్చుని ఉంది. అంతా చెప్పా. కన్నం, గట్టు, ఎముక, వెంట్రుకలు. పడుగూ పేకా కూడా చెప్పా.

"పేక పడకుండా గుడ్డేందే?" అంది వెంటనే. "పడుగు పరిచి వదిలేస్తే బిగిసి కూర్చుంటది."

"అదే పెద్దమ్మా! అందుకే నా మణికట్టు వంగదు."

ఆవిడ ఫొటో దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. తర్వాత ఫోన్ పక్కన పెట్టి నా ఎడమచేయి ఒళ్ళోకి లాక్కుంది. నేనే డ్రెస్సు చెయ్యి పైకి మడిచి ఇచ్చా. కళ్ళు మూసుకుంది. బొటనవేలు మోచేతి దగ్గర మొదలై మెల్లగా కిందకి వచ్చింది. "దొరుకుతోంది" అనలేదు ఈసారి. కళ్ళు తెరిచి అడిగింది.

"అయితే నీ చెయ్యి కూడా అట్టా అయిపోద్దా? ఆ కుందేలు మందు పెడితే?"

అడిగిన తీరు ఏమని చెప్పను! పండగ బట్టలు కొంటారా అని పిల్లలు అడిగినట్టు అడిగింది. నేను ఉబ్బిపోయి చెప్పినదాన్ని ఆవిడ ఎట్లా విందో అప్పుడు అర్థమైంది. మందు దొరికిందని విన్నది.

"ఇంకా మందు లేదు పెద్దమ్మా. కుందేలుకి ఎట్లా అవుతోందో చూస్తున్నాం, అంతే. మనుషుల దాకా రావాలంటే ఎన్నేళ్ళు పడుతుందో మా సార్‌కే తెలియదు. వచ్చినా నా పాత మచ్చ మీద పని చేస్తుందో లేదో."

"ఓహో" అంది. "నేనున్నప్పుడు కాదన్నమాట." "ఆ మచ్చ పోతే నేనూ హాయిగా పోదామనుకున్నా" అంది. చెయ్యి నా ఒళ్ళో తిరిగి పెట్టేసి, అరుగు పట్టుకుని లేచింది. మూలిగింది. చఠ్, చఠ్.

"పాపిష్టి కాలా—"

"ఆ కాలు కాదు పెద్దమ్మా."

ఎట్లా వచ్చిందో మాట, వచ్చేసింది. ఆవిడ చెయ్యి తొడ మీదే ఆగింది.

"ఏంది?"

"ఆ రోజు నీ కాలు తగల్లేదు. నేనే కుండ ఎత్తబోయా. చేతిలోంచి ఒరిగింది. అమ్మ కొడుతుందని నీ పేరు చెప్పా."

వీధిలో ఎవరిదో మగ్గం ఆడుతోంది. పెద్దమ్మ మళ్ళీ కూర్చుంది.

"ఏదీ, మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పా.

"తగల్లేదా?"

"తగల్లేదు. నువ్వు రెండడుగుల అవతల ఉన్నావు."

"ఒట్టు?"

"నా చదువు మీద ఒట్టు."

తిడుతుందనుకున్నా. ఏడుస్తుందనుకున్నా. ఆవిడ నా వంక చూడనే లేదు. కుడికాలు చాపి అరుగు మీద పెట్టుకుని, మోకాలి నించి పాదం దాకా చూసుకుంది, ఎవరో ఊరినించి వచ్చినవాళ్ళని చూసినట్టు. చీర కొంచెం పైకి తీసి, పిక్క మీద చెయ్యి వేసి నిమిరింది.

"ఎన్ని మాటలన్నానే దీన్ని" అంది. "రోజూ తిట్టా. నోరు లేదు గదా, పడింది."

అప్పుడు నవ్వు మొదలైందండి. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట, తర్వాత దగ్గు, దగ్గు మధ్యలో మళ్ళీ నవ్వు. కళ్ళు తుడుచుకుంటూ ఎదురింటి వైపు తిరిగి వీధంతా వినపడేలా కేకేసింది. "ఏమే! ఓ డాట్రుగారి తల్లీ! ఇట్రా! నీ కూతురు దొంగది, ఇట్రా!"

అమ్మ పిండి చేతులతోనే వచ్చింది. పెద్దమ్మ చెప్పింది, నేను తలొంచుకుని అవునన్నా. అమ్మకి అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. అర్థమయ్యాక, ఎమ్మెస్సీ చదివిన కూతురిని, ల్యాబ్‌లో ఉద్యోగం చేసే కూతురిని, వీధి మధ్యలో పట్టుకుని వీపు మీద ఒక్కటిచ్చింది. దాని ముద్ర నా నీలం చుడీదార్ మీద పిండితో పడింది.

"వెళ్ళావంటే చిట్లుద్దని చెప్పానా లేదా?"

"చెప్పావు."

"మరి?"

పెద్దమ్మ మధ్యలోకి వచ్చింది. "చాల్లే, పాత బాకీ తీరింది. ఇంకొకటేస్తే అది కొత్తది."

 అమ్మ అరుగు కింద మెట్టు మీద కూర్చుని, పిండి చేతులు కొంగుకి తుడుచుకుని, పెద్దమ్మ కుడిపాదం తీసి తన ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు లాగడం మొదలెట్టింది. పెద్దమ్మే అంది, "గట్టిగా లాగకే, అలవాటు లేని మర్యాద, బెదురుద్ది."

నేను బయల్దేరేటప్పుడు పెద్దమ్మ పిలిచి అడిగింది. "ఇంతకీ ఆ చెవి, వేలితో చూశావా?"

"లైటు పెట్టి చూశా, మైక్రోస్కోపులో చూశా..."

"అవన్నీ కళ్ళేగా. వేలితో చూడు. కళ్ళు మూసుకుని చూడు. చూసి నాకు చెప్పు, అప్పుడు నమ్ముతా."

మర్నాడు ల్యాబ్‌కి వెళ్ళగానే అదే పని చేశా. కుందేలుని ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చెవి మొదట్నించి కొస దాకా బొటనవేలు నడిపించా. వెచ్చగా ఉంది. నరం కొట్టుకోవడం తెలుస్తోంది. కన్నం ఉన్నచోటు ఎక్కడొస్తుందా అని చూస్తుండగానే వేలు చెవి కొసకి వచ్చేసింది.

"ఏంటమ్మా, కుందేలుకి దణ్ణం పెడుతున్నావా?" సార్ వెనక నిలబడి ఉన్నారు. చెప్పా. ఆయన నవ్వలేదు. నా పక్కనే స్టూలు లాక్కుని కూర్చుని, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, తనూ కళ్ళు మూసుకుని చూశారు. ఆ రోజు రికార్డు పుస్తకంలో కొలత పక్కన నేను "వేలికి దొరకలేదు" అని రాశా. సార్ పక్కన ఇంగ్లీషులో ఏదో పెద్ద మాట రాశారు, కానీ నాది కొట్టేయలేదు.

మధ్యాహ్నం పెద్దమ్మకి ఫోన్ చేశా. ఎత్తేసరికి వెనక మగ్గం చప్పుడు, ఎవరింట్లోనో అతుకు మీద ఉంది.

"వేలితో చూశా పెద్దమ్మా. దొరకలేదు."

"కళ్ళు మూసుకున్నావా?"

"మూసుకున్నా."

"ఎడమ చేత్తో కూడా చూడాల్సింది. కుడిచేతికి పొగరెక్కువ."

"చూశా. దొరకలేదు. మా సార్ కూడా చూశారు, ఆయనకీ దొరకలేదు."

 ఒప్పుకోక తప్పదన్నట్టు అంది. "అయితే ఎవరో పని తెలిసినోళ్ళే అతికారు."

"నీ అంత?"

"ఏమో. నేను చూడాలి గదా." ఆ గొంతులో కొంచెం కుళ్ళు కూడా ఉంది, నేను విన్నా. "సరే, ఉండు, సగం బారు అయింది. లేచి టీ తాగాలి."

కట్ చేయడం ఆవిడకి ఎప్పుడూ రాదు. ఫోన్ పక్కన పెట్టేసింది, లైను అట్లాగే ఉంది. నేనూ పెట్టేయలేదు. చీర సర్దుకున్న చప్పుడు. చెయ్యి నేలకి ఆనించి లేస్తున్న మూలుగు, నాకు చిన్నప్పట్నించి తెలిసిన మూలుగు. ఆ తర్వాత రావాల్సిన చప్పుడు కోసం ఊపిరి బిగబట్టి చెవి ఒగ్గి కూర్చున్నా.

రాలేదు.

"మెల్లగా రావే తల్లీ, తొందరేం లేదు" అని ఆవిడ తన కాలితో అంటోంది.